ప్రమోషన్ వస్తే ఇల్లు ఎవరు చూస్తారు?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆడవాళ్లు ఆఫీసునూ ఇంటినీ "బ్యాలెన్స్" చేసుకోవాలని అందరూ చెప్తారు. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. ఈ లెక్కలో ఇంటిపని చేసే మగవాళ్లే ఉన్నారు, అసలు చేయనివాళ్లు లేరు! తక్కెడలో ఒక పక్కనే ఇంత బరువు పెట్టి, సమంగా పట్టుకోమంటే ఎలా?

నేను బ్యాంకులో మేనేజరుగా పనిచేస్తున్నాను. మా ఉద్యోగంలో ప్రమోషన్ అంటే చాలావరకు బదిలీ కూడా. నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు ఒక పై అధికారి "ఇల్లు ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. నాతోపాటు లిస్టులో ఉన్న మగవాళ్లను ఆ మాట ఎవరూ అడగలేదు. ఈ ప్రశ్నకు భయపడి ప్రమోషన్ పరీక్షే రాయని తెలివైన ఆడపిల్లలు నాకు తెలుసు.

చట్టాలు లేకపోలేదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. కర్ణాటక ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు 180 రోజులు, ఆంధ్రలోనూ అంతే. మంచిదే. కానీ సెలవు అయిపోయాక?

అయిపోయాక అమ్మ వస్తుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. మన పుట్టిళ్లు అటు, మెట్టినిళ్లు ఇటు. మా అమ్మ గుంతకల్లు నుంచి వచ్చి నా పిల్లలను పెంచింది. ఇప్పుడామెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. మొన్న "నేను మా ఇంటికి ఎప్పుడు పోయేదే?" అని అడిగింది. నా కుర్చీ ఇన్నాళ్లూ ఆమె మోకాళ్ల మీద నిలబడిందని అప్పుడు అనిపించింది. ఒక ఆడమనిషి బరువు ఇంకో ఆడమనిషికి ఎత్తితే అది బ్యాలెన్స్ కాదు.

మా ఇంట్లో కూర్చుని పనులు పంచుకున్నాం. పొద్దున టిఫిన్, గ్యాస్ బుకింగ్, స్కూలు ఫీజు మా ఆయనవి. "సాయం చేస్తున్నా" అనే మాట మానుకున్నాం. సాయం అంటే పని నాదనే కదా! మొదటి నెల ఉగ్గాని రోజుకో రకంగా ఉండేది, ఇప్పుడు నాకంటే బాగా చేస్తున్నారు. అమ్మ వచ్చే నెల గుంతకల్లుకు పోతోంది.

ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని ప్రోత్సహించిన బళ్లారి రాఘవ గారి ఊరు మనది. మన సంఘంలో మాత్రం కార్యవర్గ సమావేశం రాత్రి ఏడు గంటలకు, సరిగ్గా వంట వేళకు పెడతాం. తర్వాత "ఆడవాళ్లు రావడం లేదు" అంటాం. నా విన్నపాలు రెండే. సమావేశం ఆదివారం సాయంత్రం నాలుగుకు మార్చండి. ఆ రెండు గంటలూ పక్క గదిలో పిల్లలను చూసుకోవడానికి ఇద్దరిని వంతులవారీగా పెట్టండి, ఆ వంతుల్లో మగవాళ్ల పేర్లూ ఉండాలి.

అధ్యక్షులవారు వచ్చే సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలని కోరుతున్నాను. మీరేమనుకుంటున్నారో కింద రాయండి. అన్నదమ్ములు ముందు రాస్తే ఇంకా సంతోషం.