బుగ్గల మీది ఎరుపు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడం అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను నా ముఖం గురించి రాస్తాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

నేను మన సోమల హాస్టల్లో ఆరు నుండి పదో తరగతి వరకు ఉన్నాను. అమ్మానాన్న టమోటా తోటల్లో కూలికి పోతారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. ఇప్పుడు తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. హాస్టల్లో ఉన్నప్పుడు కాస్మెటిక్ ఛార్జీలంటే మాకు సబ్బు, కొబ్బరినూనె, మహా అయితే ఒక పౌడరు డబ్బా. నా రంగు గురించి నేను దిగులు పడిన గుర్తే లేదు.

మదనపల్లెలో డిగ్రీలో చేరాక ముఖం నిండా మొటిమలు వచ్చాయి. "నలుపైతే నలుపులే, ఆ మొటిమలే చూడలేకపోతున్నాం" అని క్లాసులో ఒకమ్మాయి నవ్వుతూ అంది. ఆ మాట రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. మరుసటి రోజు ఇంకో స్నేహితురాలు ఒక చిన్న ట్యూబు పేరు చెప్పింది. మందుల షాపులో చీటీ అడగలేదు, నేనూ ఏమీ అడగలేదు. వారానికే మొటిమలు అణిగిపోయాయి, ముఖం తెల్లబడింది. అద్దంలో చూసుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. రెండు రోజులు పూయకపోతే మాత్రం ముఖం మంట, దురద. మళ్ళీ పూస్తే తగ్గిపోయేది. అలా ఏడాదిన్నర గడిచింది. చివరికి బుగ్గలు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అది నిగారింపనుకుని మురిసిపోయాను.

ఎమ్మెస్సీలో ఫ్రెషర్స్ డే వచ్చింది. నేను యాంకరింగ్ చేయాలి. మా రూమ్మేట్ తన క్రీమ్ బ్లష్ డబ్బా తీసింది. పౌడరు బ్లష్‌లో రంగును టాల్కమ్ లాంటి పొడిలో కలుపుతారు. క్రీమ్ బ్లష్‌లో నూనెలు, మైనాల్లో కలుపుతారు. వేలితో తీసి బుగ్గ మీద తట్టుకోవాలి. పది నిమిషాలు కాకముందే మిరపకాయ రుద్దినట్టు మంట మొదలైంది. కడిగేకొద్దీ ఎరుపు పెరిగింది. కళ్ళ కింద దాకా వాచింది. ఆ రోజు మైకు ఇంకొకరు పట్టుకున్నారు. నేను చున్నీ ముఖానికి చుట్టుకుని రూములో కూర్చున్నాను.

మరుసటి రోజు రుయా ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకున్నాను. బ్లష్ వల్లే ఇలా అయిందని డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నా బుగ్గను వెలుతురులోకి తిప్పి చూసి, "దానికి ముందు ఏం పూస్తున్నావమ్మా?" అని అడిగారు. బ్యాగులోంచి ట్యూబు తీసిచ్చాను. "చదువు" అన్నారు. సన్నటి అక్షరాల్లో మూడు పేర్లున్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. కెమిస్ట్రీ చదివే అమ్మాయిని, ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆ ట్యూబు చదవలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

హైడ్రోక్వినోన్ చర్మం రంగును తగ్గిస్తుంది. ట్రెటినాయిన్ చర్మం పై పొర త్వరగా మారేటట్టు చేస్తుంది. మోమెటాసోన్ స్టెరాయిడ్. మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాలకు మాత్రమే రాసే మందు అది. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపును అణచివేస్తుంది. అందుకే మొదట్లో ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, లోపలి నాళాలు పైకి కనిపిస్తాయి, మళ్ళీ మొటిమలు లేస్తాయి, వెంట్రుకలు కూడా పెరగవచ్చు. నేను నిగారింపనుకున్నది ఆ నాళాల ఎరుపే. బ్లష్ కొత్తగా చేసిందేమీ లేదు, ఉన్న గాయాన్ని బయటపెట్టింది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మకూడదు. నేను కొన్నది ఆ తర్వాతే.

మానడం తేలిక కాలేదు. డాక్టరమ్మ చెప్పిన పద్ధతిలోనే మెల్లగా మానాను. మొదటి రెండు నెలలు మొటిమలు ముందుకంటే ఎక్కువ వచ్చాయి. పాత రంగు తిరిగొచ్చింది. సెలవుల్లో ఇంటికి పోతే అమ్మ చూసి, "ఏమ్మే, మొగమంతా ఇట్ల కందిపోయింది? ఎవురన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగింది. తెల్లగా కావాలని మందు పూశానని, నా రంగే ఉన్న అమ్మకు ఎలా చెప్పేది? ఎండ అని అబద్ధం చెప్పాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఐదు నెలలకు ముఖం కుదుటపడ్డాక, డాక్టరమ్మ సరేనన్న తర్వాతే మళ్ళీ బ్లష్ ప్రయత్నించాను. ఈసారి సొంత డబ్బా. ఒకరి డబ్బాలో ఇంకొకరు వేలు పెట్టకూడదని అప్పటికి నేర్చుకున్నాను. చర్మ రంధ్రాలను మూయదని రాసి ఉన్నది చూసి, లోపల ఏమున్నాయో మొత్తం చదివి కొన్నాను. రోజుకు రెండు పూటలా వారం రోజులు చెవి వెనక పూసి చూశాను. మంట లేదు, దురద లేదు. అప్పుడు బుగ్గ మీద కొంచెం. గులాబీ రంగు నా మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఇటుక రంగు మాత్రం చక్కగా కలిసిపోయింది. రాత్రి శుభ్రంగా కడిగి పడుకున్నాను. అది పూసుకుని మా బంధువుల పెళ్ళికి పోతే, అమ్మ నన్ను చూసి "తోటలోకి పొయ్యొచ్చినావా ఏమి, బుగ్గలు ఎర్రగుండాయి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రి ట్యూబు సంగతి మొత్తం చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా రంగు నీకొచ్చిందని నేనూ బాధపడినానులే" అంది.

ఈ మధ్య మన హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి చెల్లెలొకతి పెట్టె తెరిచి, బట్టల కింద దాచిన ట్యూబు చూపించింది. "అక్కా, ఇది పూస్తే నీ మాదిరి అవుతానా?" అని అడిగింది. అదే ట్యూబు. ఆ పిల్ల పూయడం మొదలుపెట్టి రెండు వారాలేనట. మేడంకు చెప్పి, ఇద్దరం కలిసి ఆసుపత్రికి పోయొచ్చాం.

చెల్లెళ్ళారా, బ్లష్ వేసుకోవద్దని నేను అనను. పండగ రోజు బుగ్గలకు కొంచెం రంగు పూసుకుంటే తప్పేం లేదు. కానీ ముఖానికి ఏది పూసినా ముందు దాని వెనక రాసింది చదవండి. అర్థం కాకపోతే నాకు చూపించండి. ఇప్పటికే అలాంటి ట్యూబు వాడుతుంటే భయపడి దాచుకోకండి, ఒక్కసారిగా మానేయకండి, డాక్టరు దగ్గరకు పోండి. తోడు కావాలంటే నేనొస్తాను. మన ఇళ్ళలో ఎవరూ చదవని అక్షరాలు మనం చదవడానికే కదా ఈ హాస్టల్‌కు వచ్చాం.