ఊకెనే

2024 జనవరిలో ఒక మంగళవారం. పొద్దున పదకొండు కావస్తోంది. ఒక వ్యాసం గడువు దగ్గరపడి కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. కాలింగ్ బెల్ మోగింది. కొరియర్ అబ్బాయి అనుకుని తలుపు తీస్తే ఎదురుగా అమ్మ. చేతిలో గుడ్డసంచి. ముందుగా ఫోన్ లేదు, కబురు లేదు. బాపు పోయినప్పటినుంచి అమ్మ జనగామలో అన్నావాళ్ళతో ఉంటోంది. ఒంటరిగా ఎప్పుడూ హైదరాబాద్ రాలేదు.

నా గుండె ఝల్లుమంది. "ఏమైందమ్మా? ఎందుకొచ్చినవ్?" అన్నాను.

"ఏం కాలే బిడ్డా. ఊకెనే వచ్చిన."

నేను నమ్మలేదు. అన్నతో ఏదైనా గొడవా? వదినతో మాటామాటా అనుకున్నారా? ఒంట్లో బాగాలేదా? మంచినీళ్ళు ఇవ్వడం కూడా మరిచిపోయి ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాను. అమ్మ తాపీగా చెప్పులు విప్పి, జాకెట్లో దోపుకున్న చిన్న పర్సు తీసి, అందులోంచి ఆధార్ కార్డూ మడత పెట్టిన జీరో టికెట్టూ చూపించింది. "బస్సు కనబడ్డది. ఎక్కిన. ఉప్పల్ల దిగి ఇంకో బస్సెక్కిన. తార్నాక అంటె దించిండ్రు," అంది. ఆ ముఖంలో ఒక చిన్న గర్వం.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేదు. అప్పటికి నెల దాటింది. ఆ నెలరోజుల్లో నేను విన్న జోకులు అన్నీ ఇన్నీ కావు. "పనీపాటా లేకుండా బస్సుల్లో తిరుగుతున్నారు" అనేది అన్నిటికీ పల్లవి. గిరాకీ పోయిన ఆటోడ్రైవర్ల కష్టం నిజమైనదే, దాని గురించి వేరుగా మాట్లాడుకోవాలి. కానీ ఈ వెటకారం వాళ్ళ కష్టం గురించి కాదు. పనిలేని ఆడది రోడ్డు మీద కనబడడం గురించి. ఆ జోకులు వేసినవాళ్ళతో నేను దెబ్బలాడాను కూడా. అలాంటిదాన్ని, ఇంటి గుమ్మంలో నిలబడ్డ అమ్మని మొదట అడిగిన మాట ఏమిటి? ఎందుకొచ్చినవ్?

ఆ ప్రశ్న నాకెక్కడ అంటుకుందో వెతుక్కుంటే మొదట గుర్తొచ్చింది హాస్టల్ రిజిస్టరు.

2009లో ఎం.ఏ. చదవడానికి ఈ ఊరు వచ్చాను. హాస్టల్ గేటు దగ్గర ఒక పొడవాటి రిజిస్టరు ఉండేది. పేరు, వెళ్ళే చోటు, కారణం, తిరిగొచ్చే టైము. మిగతావి సులువే. 'కారణం' దగ్గర పెన్ను ఆగిపోయేది. మొదటివారంలోనే సీనియర్ అక్క ఒకామె ఉపాయం చెప్పింది: "జిరాక్స్ అని రాయి. ఎవరూ ఏమీ అడగరు." అలా చాలా ఏళ్ళు నేనూ నా రూమ్మేటూ జిరాక్స్‌కి వెళ్ళాం. సుల్తాన్ బజార్‌లో చెవి రింగులు బేరమాడడానికి, కోఠిలో బండి దగ్గర పానీపూరీ తినడానికి, ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాతపుస్తకాల మధ్య తిరగడానికి, ఏమీ కొనకుండా జనరల్ బజార్ అంతా ఒక చుట్టు చుట్టి రావడానికి. అన్నిటికీ కారణం జిరాక్సే. మేము నిజంగా తీయించుకున్న జిరాక్స్‌లు ఎన్నో నాకు గుర్తులేవు.

తర్వాత ఇంగ్లిష్ వ్యాసాలు చదువుతున్నప్పుడు వర్జీనియా ఉల్ఫ్ 1927లో రాసిన 'స్ట్రీట్ హాంటింగ్' నా చేతికొచ్చింది. చలికాలం సాయంత్రం లండన్ వీధుల్లో నడవాలనిపిస్తుంది ఆమెకి. ఊరికే నడవడానికి వెళ్ళడం బాగుండదు కాబట్టి పెన్సిల్ కొనాలన్న సాకు పెట్టుకుని బయల్దేరుతుంది. చదివి నేను గట్టిగా నవ్వాను. ఆవిడకి పెన్సిల్, మాకు జిరాక్స్! నవ్వాక కాస్త దిగులేసింది. సొంత ఇల్లు, సొంత డబ్బు, పేరు ఉన్న రచయిత్రికి కూడా ఒక సాకు కావలసి వచ్చిందే అని. 2015లో ఢిల్లీ అమ్మాయిలు హాస్టల్ వేళల మీద 'పింజ్రా తోడ్' అంటూ రోడ్డెక్కినప్పుడు మా రిజిస్టరే కళ్ళముందు మెదిలింది. అప్పటికి నేను పరిశోధక విద్యార్థిని. ఇరవై ఆరేళ్ళు. ఇంకా జిరాక్స్ అనే రాస్తున్నాను.

బట్టల సంగతి ఇంకో కథ. నా థీసిస్‌లో ఒక అధ్యాయం స్త్రీవాద కవిత్వం మీద. అందులో జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కవిత గురించి చాలా పేజీలు రాశాను. పైట ఎలా ఒక గుడ్డముక్క నుంచి కాపలాగా మారుతుందో, ఆడపిల్ల తన శరీరాన్ని తానే అనుమానంగా చూసుకోవడం ఎలా మొదలవుతుందో, అంతా. వైవా రోజు పొద్దున అద్దం ముందు నిలబడి చున్నీకి మూడు పిన్నీసులు పెట్టుకున్నాను. భుజానికొకటి, భుజానికొకటి, మధ్యలో ఒకటి. వెళ్ళేది సిటీబస్సులో. లోపల గదిలో ఎదుట కూర్చునేవాళ్ళలో ముగ్గురు మగవాళ్ళు. నేను ఆ అధ్యాయం గురించి మాట్లాడుతున్నంతసేపూ మధ్య పిన్నీసు ఊడి గుచ్చుకుంటూనే ఉంది. తీసి సర్దుకుంటే అందరూ చూస్తారని అలాగే మాట్లాడాను. డాక్టరేట్ వచ్చింది. గదికొచ్చి చూసుకుంటే చిన్న రక్తపు చుక్క.

చాలాకాలం ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే నా స్త్రీవాదం ఉత్తిదని తేలిపోతుందనే సిగ్గు. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. రాసే మాటకీ వేసుకునే బట్టకీ మధ్య ఒక సిటీబస్సు ఉంటుంది. ఆ బస్సు ఎక్కకుండా ఆ దూరం గురించి మాట్లాడడం సులువు.

అలాగని బట్టలంటే నాకు భయం మాత్రమే కాదు. ఇష్టం కూడా. పోచంపల్లి కుర్తా మీదికి వెండి జుంకాలు పెట్టుకుని బయటికి వెళితే నడకే మారిపోతుంది. మొదటి ఫెలోషిప్ డబ్బుతో నేను కొన్నది పుస్తకం కాదు, ఎర్రటి చెప్పులజత. మనవాళ్ళలో చాలామంది ఈ ఇష్టాన్ని బయటపెట్టడానికి మొహమాటపడతారు. అలంకారం అంటే ఎవరి చూపు కోసమో అని మనమే రాశాం కదా! కానీ ఒక్కోసారి అది నా కోసమే, నా సాయంత్రం కోసమే. ఒకసారి మా వీధి చివర టైలర్‌ని కుర్తాకి జేబు పెట్టమన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని ఆశ్చర్యంగా చూశాడు. "లేడీస్ డ్రెస్సుకి జేబెందుకు మేడమ్? బ్యాగు ఉంటది గదా." మళ్ళీ అదే ఎందుకు. చేతులు ఊపుకుంటూ నడవడానికి అని చెబితే అర్థమవుతుందా అని ఆలోచించి, "ఫోన్ పెట్టుకోవడానికి" అన్నాను. అది పని కదా. వెంటనే ఒప్పుకున్నాడు.

తిండి దగ్గరికి వస్తే, ఒక్కదాన్నే హోటల్లోకి వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గర వినిపించే మొదటి మాట మీరూ వినే ఉంటారు. "పార్సిలా మేడమ్?" ఆడమనిషి ఒంటరిగా వచ్చిందంటే ఇంట్లో ఎవరికో తీసుకెళ్ళడానికే వచ్చి ఉంటుంది. తనే కూర్చుని, తన కోసం, వేడివేడిగా తినడానికి వచ్చిందన్న ఊహ వాళ్ళకి చివరగా తడుతుంది. వాళ్ళని అని ఏం లాభం? మా ఇంట్లో అమ్మ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది గోక్కుని తినడం చూస్తూనే కదా పెరిగాం.

ఇరానీ హోటళ్ళంటే నాకు ప్రాణం. ఈ ఊరి గురించి రాసే ప్రతి మగ రచయితా ఇరానీ చాయ్ గురించి రాస్తాడు. ఒక్క చాయ్‌తో గంటలకొద్దీ కూర్చుని కవిత్వం, రాజకీయం, విప్లవం మాట్లాడుకున్న జ్ఞాపకాలు. చదువుతుంటే నోరూరుతుంది. నేనూ వెళ్ళాను. కింద బల్ల దగ్గర కూర్చోబోతుంటే సర్వర్ మర్యాదగా చెయ్యి చూపించాడు. "పైన ఫ్యామిలీ సెక్షన్ ఉంది మేడమ్." నేను ఒక్కదాన్నే వెళ్ళినా నేను ఫ్యామిలీయే. మెట్లెక్కి వెళితే తెరలు కట్టిన చిన్న గదులు, కిటికీ లేని గోడ, తిరగని ఫ్యాన్. ఊరంతా కింద ఉంది. చాయ్ మాత్రం అదే. కానీ వాళ్ళు రాసుకున్నది చాయ్ రుచి గురించి మాత్రమే కాదు కదా. రోడ్డు కనబడే బల్ల గురించి.

ఇంకోటి కూడా ఉంది. రెండో చాయ్ తాగాలంటే ఆలోచించాలి. బాత్రూమ్ ఎక్కడుంది? పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా సగం సీసా నీళ్ళతో గడిపేయడం మనలో ఎంతమందికి అలవాటు! ఊళ్ళో ఎక్కడ తిరగొచ్చో నిర్ణయించే పటం మన పొత్తికడుపులో ఉంటుంది.

చివరికి నేను చేసింది చాలామంది చేసేదే. నెలజీతం వచ్చాక పెద్ద కాఫీషాపులకి వెళ్ళడం మొదలుపెట్టాను. 250 రూపాయల కాఫీ. అక్కడ ఎవరూ ఎందుకని అడగరు, పైకి వెళ్ళమనరు, బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది. నేను కొనుక్కుంటున్నది కాఫీ కాదనీ, రెండు గంటలు కూర్చునే హక్కనీ తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మరి ఆ డబ్బు లేనివాళ్ళు? తెల్లారకముందే మా వీధి ఊడ్చే ఆమె పని మధ్యలో పదినిమిషాలు షాపు మెట్ల మీద కూర్చుంటే, షట్టర్ తీయడానికి వచ్చినతను లేవమంటాడు. కూలి కోసం అడ్డా మీద నిలబడే ఆడవాళ్ళకి రోజంతా రోడ్డే. వాళ్ళకి పని ఉంది కాబట్టి రోడ్డు ఉంది. పని దొరకని రోజున ఆ రోడ్డు మీద వాళ్ళు నిలబడడం కూడా తప్పే అవుతుంది. బయట ఉండడం వేరు, బయట ఊరికే ఉండడం వేరు.

భద్రత మాట ఎత్తకుండా ఈ సంగతి ముగించలేను. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువ డాక్టర్ మీద అత్యాచారం చేసి చంపేశారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు రోజూ చీకటి పడేవేళకి అమ్మ ఫోన్. "ఇంటికి వచ్చినవా?" ఆ రోజుల్లో అందరూ మనకే జాగ్రత్తలు చెప్పారు. పనిలేకుండా బయటికి వెళ్ళొద్దు, త్వరగా ఇల్లు చేరండి అని. కానీ ఆ అమ్మాయి ఊరికే తిరగడానికి వెళ్ళలేదు. తన పని మీద తను వెళ్ళింది. పని ఆమెని కాపాడలేదు. ఈ సంగతి అర్థమైనరోజు నాకు కోపంతో పాటు ఒక తెగింపు కూడా వచ్చింది. కారణం చూపించినా కాపాడని ఊరికి నేను కారణం ఎందుకు చూపించాలి?

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై మీద రాసిన 'వై లాయ్‌టర్?' 2011లో వచ్చింది. ఆడవాళ్ళకి ఊరిమీద హక్కంటే క్షేమంగా పనికి వెళ్ళి రావడం ఒక్కటే కాదనీ, పనిలేకుండా, సరదాగా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా తిరగగలగడం కూడా అనీ వాళ్ళ వాదన. ఆ పుస్తకం గురించి నేను సెమినార్లలో మాట్లాడాను. కానీ దాన్ని ఒక్కమాటలో చెప్పింది మాత్రం ఆ పుస్తకం పేరు కూడా వినని మా అమ్మ. ఊకెనే.

ఆ మధ్యాహ్నం వ్యాసం పక్కన పెట్టేశాను. ఇద్దరం సిటీబస్సెక్కి సికింద్రాబాద్ వెళ్ళాం. రెండు జీరో టికెట్లు. జనరల్ బజార్‌లో ఏమీ కొనలేదు. ఒక ఇరానీ హోటల్ ముందు ఆగి, "చాయ్ తాగుదామా?" అంటే సరేనంది. లోపలికి అడుగుపెట్టగానే సర్వర్ మామూలుగానే పైకి చెయ్యి చూపించాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మోకాళ్ళ నొప్పులు బిడ్డా. మెట్లెక్కలేను. ఈడనే కూసుంటం."

అతను తుడిచే గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో నాకు తట్టని జవాబు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ అమ్మ రోడ్డు చూస్తూ కూర్చుంది. పక్క బల్లల్లో అందరూ మగవాళ్ళే. కొంతమంది చూశారు. కాసేపటికి మానేశారు. గంటసేపు కూర్చున్నాం. అమ్మతో అంతసేపు, వంటింట్లో కాకుండా, ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారేమో. చిన్నప్పుడు సినిమా చూడాలనిపిస్తే పత్తి అమ్మిన రోజు దాకా ఆగేవాళ్ళమని ఏవేవో చెప్పింది.

లేవబోతూ అడిగాను. "ఇంట్ల ఏమని చెప్పొచ్చినవ్ అమ్మా?"

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, కొంచెం సిగ్గుగా నవ్వింది. "మోకాళ్ళ డాక్టర్ కాడికి పోతున్న అని చెప్పిన. ఊకెనే అంటె పోనిస్తరా?"

అరవై రెండేళ్ళ మా అమ్మ కూడా రిజిస్టర్లో కారణం రాసే వచ్చింది. నేను నవ్వాను, అమ్మా నవ్వింది. తిరుగు బస్సులో కిటికీ సీటు తనకిచ్చాను. బస్సు ఉచితమైంది, గేటు దగ్గర రిజిస్టరు మాత్రం ఇంకా అలాగే ఉందని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ రిజిస్టర్ పట్టుకుని ఆ పొద్దున గుమ్మంలో నిలబడ్డది నేనే కదా.

తర్వాత నెలకో రెండు నెలలకో అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "రేపొస్త బిడ్డా" అంది.

ఎందుకు అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "ఏ బస్సుకొస్తవ్?" అని అడిగాను.