పునరుత్థానం అంటే మళ్ళీ లేవడం

క్రిస్మస్ వచ్చిందంటే మా బడిలో అందరికీ తెలుస్తుంది. తరగతి గదిలో నక్షత్రం కడతారు, కేకు పంచుతారు. ఈస్టర్ సంగతి అలా కాదు. అది ఎప్పుడూ ఆదివారమే వస్తుంది, కాబట్టి దానికంటూ వేరే సెలవు కూడా ఉండదు. సోమవారం బడికి వస్తే, "నిన్న మీ పండుగంట కదా, ఏం పండుగే అది?" అని నా స్నేహితురాళ్ళు అడుగుతారు. "యేసు ప్రభువు చనిపోయి మూడో రోజు తిరిగి లేచిన పండుగ" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కానీ అది ఒక్క ముక్కలో అయిపోయే విషయం కాదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు తేదీ గురించి చెప్తాను. క్రిస్మస్ లాగా ఈస్టర్‌కు ఒకే తేదీ లేదు. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన సభలో క్రైస్తవులందరూ ఈ పండుగను ఒకే ఆదివారం చేసుకోవాలని నిర్ణయించారు. ఇప్పుడు మనం పాటించే లెక్క ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమిని చూసుకోవాలి, ఆ పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారమే ఈస్టర్. కాబట్టి మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపల ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. దానికి ముందు నలభై రోజులు శ్రమల దినాలు. భస్మ బుధవారంతో మొదలై, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం దాటి ఈస్టర్ దగ్గర ముగుస్తాయి. ఈ నలభై రోజుల లెక్కలో ఆదివారాలు ఉండవు. ఎందుకంటే ప్రతి ఆదివారమూ ఒక చిన్న ఈస్టరే అని మా సండే స్కూల్‌లో నేర్పించారు.

ఇక పేరు. మా తెలుగు అమ్మగారు సంధులు చెప్పేటప్పుడు ఈ మాటను బోర్డు మీద విడదీసి చూపించారు. పునః అంటే మళ్ళీ, ఉత్థానం అంటే పైకి లేవడం. మేము చెన్నైలో ఉంటున్నాం కదా, మా వీధిలో ఉన్న తమిళ క్రైస్తవులు ఈ పండుగను 'ఉయిర్‌ప్పు' అంటారు. ఉయిర్ అంటే ప్రాణం. వాళ్ళ మాటలో ప్రాణం ఉంది, మన మాటలో లేవడం ఉంది. రెండూ మంచి మాటలే. కానీ నాకు మన తెలుగు మాటే ఎక్కువ అర్థమైంది. ఎందుకో తర్వాత చెప్తాను.

నాలుగు సువార్తల్లోనూ ఒక సంగతి ఒకే రకంగా ఉంది. ఆదివారం పొద్దున్నే సమాధి దగ్గరికి ముందుగా వెళ్ళింది ఆడవాళ్ళు. ఆ కాలంలో ఆడవాళ్ళ సాక్ష్యానికి పెద్ద విలువ ఉండేది కాదు. వాళ్ళు వచ్చి చెప్తే శిష్యులు కూడా వట్టి మాటలనుకున్నారని లూకా రాశాడు. ఎవరైనా కల్పించి రాయాలనుకుంటే, జనం నమ్మని వాళ్ళను సాక్షులుగా పెడతారా? మగ్దలేనే మరియ అయితే ప్రభువును చూసి కూడా గుర్తుపట్టలేదు, తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచినప్పుడే గుర్తుపట్టింది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది.

రెండేళ్ళ క్రితం మా నాయన చనిపోయాడు. పెయింటింగ్ పని చేసేవాడు. కిడ్నీలు చెడిపోయి పదకొండు నెలలు మంచం మీదే ఉన్నాడు. చెన్నైలో సమాధులకు చోటు తక్కువ. అందుకని తాతను పెట్టిన సమాధినే మళ్ళీ తవ్వి నాయనను అందులోనే పెట్టారు. ఈస్టర్‌కు ముందు రోజు మేము ఆ సమాధికి సున్నం వేస్తాం. పండుగ నాడు నాలుగు గంటల ఆరాధన అయ్యాక అక్కడికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఇంకా చీకటిగానే ఉంటుంది. తోటంతా కొవ్వొత్తులే కనిపిస్తాయి. నాయన పోయాక వచ్చిన మొదటి ఈస్టర్ నాడు అందరూ "ప్రభువు లేచెను" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం నోరు రాలేదు. ఆయన మూడు రోజులకే లేచాడు, మా నాయన ఎందుకు లేవలేదు? ఈ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియక అవ్వను అడిగాను.

అవ్వ పెద్దగా చదువుకోలేదు. కానీ పెద్ద అక్షరాల బైబిల్ రోజూ కూడబలుక్కుని చదువుతుంది. "లేస్తాడమ్మా. ఆ రోజు ఎప్పుడో మనకు చెప్పలేదు, అంతే" అంది. కొంచెం సేపు ఆగి, "ప్రభువు లేచినా చేతుల్లో గాయాలు పోలేదు కదే, తోమాకు చూపించాడు కదా" అంది.

తోమా మా ఊరికి కొత్తవాడు కాదు. ఆయన క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడనీ, తర్వాత మైలాపూరు వైపు వచ్చి పరంగిమల దగ్గర చనిపోయాడనీ ఇక్కడి సంప్రదాయం. లోకల్ ట్రైన్‌లో తాంబరం వైపు వెళ్తే ఆ కొండ పేరుతోనే స్టేషన్ ఉంది. అందరూ ఆయన్ని అనుమానం తోమా అంటారు. నేను అలా అనను. ఆయన అడిగింది నేను అడిగిన లాంటిదే. ప్రభువు కోప్పడలేదు, గాయాలు చూపించాడు. అంటే పునరుత్థానం జరిగితే బాధ అసలు జరగనట్టు చెరిగిపోదు. గాయం ఉంటుంది, అయినా మనిషి లేచి నిలబడతాడు. అవ్వ మాటలో నాకు అర్థమైంది ఇదే.

ఇప్పుడు మన తెలుగు మాట నాకు ఎందుకు నచ్చిందో చెప్తాను. నాయన పోయాక అమ్మ చాలా నెలలు లేవలేదు. జబ్బు లేదు, జ్వరం లేదు. గోడ వైపు తిరిగి పడుకునేది. అవ్వే వండేది, నేను తమ్ముడిని బడికి తయారుచేసేదాన్ని. తర్వాత ఒక రోజు నేను నిద్రలేచేసరికి గ్రైండర్ చప్పుడు వినిపించింది. అమ్మ పిండి రుబ్బుతోంది. ఇప్పుడు రోజూ నాలుగింటికే లేచి మా వీధి చివర ఇడ్లీ బండి పెడుతుంది. ఆటోవాళ్ళు, కట్టడం పనివాళ్ళు అక్కడే తింటారు. నాయనను తలుచుకుని ఇప్పటికీ ఏడుస్తుంది. కానీ లేస్తోంది. లేచిన ప్రభువు కూడా తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, రాత్రంతా వల వేసి అలిసిపోయిన శిష్యులకు రొట్టె, చేపలు పెట్టి భోజనానికి పిలిచాడు. మరణాన్ని గెలిచిన ఆయన పొద్దున్నే టిఫిన్ సిద్ధం చేశాడంటే, మా అమ్మ చేసే పని చిన్నదా?

ఈ లేవడం ఒక్కొక్కరికే కాదు, ఒక జనానికి కూడా జరుగుతుంది. మా పెద్దలు ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు. 1876–78 కరువులో అక్కడ వేలమంది ఆకలితో అల్లాడుతుంటే, మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు కూలి పని ఇచ్చారు. కరువు ఉన్నన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, సాయం కోసం చేరారని అనుకోకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది ఊరి బయట ఉంచబడినవాళ్ళు, బడి గడప తొక్కనివ్వబడనివాళ్ళు. వాళ్ళ పిల్లలు పలక పట్టుకున్నారు. అదే బకింగ్‌హాం కాలువ మా చెన్నై మధ్య నుంచి కూడా పోతుంది. ఇప్పుడు నీళ్ళు నల్లగా ఉంటాయి, వాసన కొడుతుంది. అయినా దాని మీది వంతెన దాటేటప్పుడు నాకు ఆ 2,222 మంది గుర్తుకు వస్తారు. తల దించుకుని బతకమన్న చోట తల ఎత్తడం కూడా పునరుత్థానమే అనిపిస్తుంది.

క్రీస్తు లేవకపోతే మన విశ్వాసమంతా వట్టిదే అని పౌలు కొరింథు వాళ్ళకు రాసిన మొదటి పత్రికలో వాదిస్తాడు. నేను దాన్ని నమ్ముతున్నాను. నాయనను మళ్ళీ చూస్తానని కూడా నమ్ముతున్నాను. మా బడిలో అన్ని మతాల పిల్లలం ఉన్నాం, అందరూ ఇదే నమ్మాలని నేను అనను. కానీ మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో గోడ వైపు తిరిగి పడుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు సలహాలు చెప్పకండి. పక్కన కూర్చోండి, పేరు పెట్టి పిలవండి, ఏదైనా వేడిగా తినడానికి పెట్టండి. లేచిన ప్రభువు చేసింది అదే. వాళ్ళు లేవడానికి మూడు రోజులు పట్టవచ్చు, మా అమ్మకు పట్టినట్టు చాలా నెలలూ పట్టవచ్చు.