ఏడు గీతల అక్షరాభ్యాసం

అక్షరమంటే నశించనిదని పెద్దలు చెప్పారు. కాని కరెంటు ఆగిన మరుక్షణమే నశించే అక్షరాలు కొన్ని ఉన్నాయి. తూనిక యంత్రాల మీద, లిఫ్టు ద్వారాల మీద ఎర్రగా వెలిగే ఆ అక్షరాలను గూర్చి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మేము నేర్చిన నాలుగు మాటలు పాఠక మిత్రులకు విన్నవించుకుంటున్నాము.

కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హోలోన్యాక్ రూపొందించారు. అటువంటి దీపాలను ఏడు గీతలుగా అమర్చితే ఒక అంకెకు చాలు. పై గీత ఏ. అక్కడి నుండి కుడివైపుగా చుట్టి వస్తే బి, సి, డి, ఇ, ఎఫ్. నడిమి గీత జి. వీటికి వరుసగా 1, 2, 4, 8, 16, 32, 64 విలువలిచ్చి, వెలగవలసిన గీతల విలువలను కూడితే ఆ రూపానికి సంకేతం లభిస్తుంది. ఒకటికి బి, సి గీతలు చాలు కనుక 6; ఎనిమిదికి అన్నీ వెలగాలి కనుక 127. మొత్తం 128 రూపాలే. అందులో ఒకటి చీకటి.

ఇంగ్లీషు అక్షరాలకే ఇందులో ఇరుకు. పెద్ద బి వ్రాస్తే ఎనిమిది అవుతుంది, పెద్ద డి వ్రాస్తే సున్న అవుతుంది. కనుక ఆ రెండింటినీ చిన్న అక్షరాలుగా వ్రాస్తారు. కె, ఎక్స్ లకు కావలసిన ఏటవాలు గీతలే లేవు. ఇక మన తెలుగు తలకట్టు, ఉర్దూ నస్తాలీఖ్ వంపుల సంగతి చెప్పనేల!

మాలో ఒకరి దాదీగారు చిన్ననాట ఉర్దూ అంకెలు మాత్రమే నేర్చారు. బియ్యపు అంగడిలో యంత్రం మీద 10 కనిపిస్తే ఆమె పదిహేను అని చదివారు. అది ఆమె లోపం కాదు. తెలుగులో వలయం సున్న. ఉర్దూలో వలయాన్ని పోలినది ఐదు, సున్న ఒక చుక్క మాత్రమే.

ఆమె కొరకు ఉర్దూ అంకెలను ఏడు గీతలలో వ్రాయ పూనుకున్నాము. సున్నకు దశాంశ బిందువు సరిపోయింది. ఉర్దూ ఏడు వెల్లకిలా పెట్టిన గరాటు వంటిది, ఎనిమిది బోర్లించిన గరాటు వంటిది. ఏటవాలు లేదు కనుక వాటిని నిలువు గీతలతో 62, 55 సంకేతాలుగా వ్రాశాము. దాదీగారు చూస్తూనే "సాత్, ఆఠ్" అన్నారు. మా ఆనందానికి మేర లేదు.

అయితే వలయంగా వ్రాసిన ఐదుకు సంకేతం 63. ఏడుకూ దానికీ పై గీత ఒక్కటే భేదం. ఎనిమిదికీ దానికీ క్రింది గీత ఒక్కటే. పై గీత మాడిపోయిన నాడు ఐదు కిలోలు ఏడవుతాయి. నష్టపోయేది దాదీగారే. వాడుకలోని అంకెలకూ ఈ ప్రమాదం లేకపోలేదు; నడిమి గీత పోతే ఎనిమిది సున్న అవుతుంది.

కనుక నిలువున 7, అడ్డంగా 5 చొప్పున 35 చుక్కలుండే పలకను ఆశ్రయించాము. అందులో ఏటవాలుకు చోటుంది. ఏడు ఏడుగానే, ఐదు తన హృదయాకారంలోనే నిలిచాయి. తెలుగు ఒత్తులకు మాత్రం ఏడు వరుసలు చాలవు. ఆ పనిని మా తరువాత వచ్చే సోదరీ సోదరులకు అప్పగిస్తున్నాము.

పాఠకులకు ఒక్క మనవి. తూనిక యంత్రాలు అనేకం, మీట నొక్కగానే క్షణకాలం ఎనిమిదులన్నింటినీ వెలిగిస్తాయి. ఏ గీత చీకటిగా ఉన్నదో అప్పుడే చూచుకొని, ఆ పిదప సరుకు తూయించుకోండి.