మొనాకో జలచరశాలయు, మా అక్కయ్య పగడపు తొట్టియు

ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమున నీస్ నగరములో రైలెక్కినచో అరగంట గడువకమునుపే మొనాకో చేరవచ్చును. రాజ్యమన్న పేరేగాని దాని వైశాల్యము 2 చదరపు కిలోమీటర్లకు కొంచెము మాత్రమే మించును. అందు సముద్రముమీదికి నిట్టనిలువుగా నిలిచిన కొండచరియపై నొక మహాసౌధము కలదు. సముద్రశాస్త్రమునందు మిక్కిలి యాసక్తిగల మొదటి ఆల్బర్టు ప్రభువు కట్టించి 1910లో ప్రారంభించిన సముద్ర ప్రదర్శనశాల యది. పై యంతస్తులలోని తిమింగలపు టెముకలు మొదలగువానిని త్వరత్వరగా చూచి, మేము క్రిందనున్న జలచరశాలకు దిగితిమి.

అచట మమ్ము కదలనీయనివి పగడములు. పగడమనగానే మనకు మెడలోని పూస జ్ఞప్తికి వచ్చును. ఇవి యట్టివి కావు, సముద్రములో దిబ్బలు కట్టెడి వేరొక తెగ. రాయివలె కానవచ్చినను ప్రాణులే. వాని మేనిలో కంటికి కానరాని నాచుకణములు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము సిద్ధపరచి యజమానికి పెట్టుచుండును. కావున వీనికి వెలుతురు పుష్కలముగా కావలెను. నీటిలో మాత్రము ఎరువు పాలు మిక్కిలి తక్కువగా నుండవలెను. ఆ ఎరువు కొంచెము హెచ్చినదా, అదే వెలుతురున పాచి పెరిగి పగడమును కప్పివేయును. పగడపు తొట్టి పెంచువారి పాట్లన్నియు ఇందే యున్నవి.

మాతో వచ్చిన అక్కయ్య, అనగా మా పినతల్లి కుమార్తె, ఆ గాజుగోడ యెదుట చాలసేపు మాటలాడక నిలిచినది. నీస్‌లో ఆమె యింట పదియేండ్లుగా పెంచుచున్న 300 లీటర్ల తొట్టి అప్పుడు పాచిపట్టి పాడుపడియుండెను. తల్లికి జబ్బుచేయగా ఆమె మూడు మాసములు కాకినాడలో నుండవలసి వచ్చినది. పొరుగింటి ముసలమ్మగారు చేపలు పస్తుండునేమోయని గుప్పెళ్లతో మేత వేసి, నీరు తగ్గినప్పుడెల్ల కుళాయినీరు పోసినదట. దయచేతనే చేసినది, ఏమనగలము!

ప్రదర్శనశాల వెలుపలికి వచ్చి, గోడమీదుగా క్రిందికి చూచితిమి. నీలముగా, ప్రశాంతముగా నున్న ఆ జలములోనే 1984లో కాలెర్పా టాక్సిఫోలియా అను ఉష్ణదేశపు నాచు కనబడెను. అప్పుడది ఒక చదరపు మీటరు మాత్రమే. 1989 నాటికి ఒక హెక్టారు మించినది. తరువాత ఇటలీ, స్పెయిను, క్రొయేషియా తీరములకును ప్రాకినది. తొట్టి యలంకారమునకై పెంచిన నాచే ఇచ్చటినుండి జారినదని మైనేజ్ అను శాస్త్రజ్ఞుడు చెప్పగా, ప్రదర్శనశాలవారు చాలకాల మొప్పుకొనలేదు. 1998లో జన్యుపరీక్షలు జరిపినవారు మాత్రము జలచరశాలల నాచును, మధ్యధరా నాచును ఒక్కటేయని తేల్చిరి. కొన్నియేండ్లకు అనేకచోట్ల అది తనంతట తానే తగ్గినది. 2000లో అమెరికాలో కాలిఫోర్నియా తీరమునను కనబడగా, అచటివారు దానిపై పటములు కప్పి, లోపల క్లోరిను వదలి చంపిరి. అది పూర్తిగా పోయినదని ప్రకటించుటకు 2006 వరకు పట్టినది. చిన్న తునుకనుండియే క్రొత్త మొక్క లేచుట దాని గుణము.

అక్కయ్య తొట్టిలోనిది ఆ జాతికే చెందిన మరొక తెగ. ఏనాడో ఒక రాతితోపాటు వచ్చినది. దానితో జుట్టువంటి పచ్చపాచియు పెనవేసికొని, తొట్టి గడ్డిదుబ్బువలె నుండెను. మేము ఆతురతతో, "అంతయు తీసి కుళాయిక్రింద కడిగివేసిన పోదా?" అంటిమి. "అట్లు చేసితివా, చేపలు కూడ పోవును చెల్లీ. రాళ్లలోని సూక్ష్మజీవులే నీటిలోని విషము హరించునవి. కుళాయినీటికి అవి చచ్చును" అని ఆమె మందలించినది.

పని పద్ధతి యిది. వారమున కొకటి రెండు రాళ్లు మాత్రమే తీసి, తొట్టి నీటినే బకెట్టులో పోసి, అందుంచి పండ్లబ్రష్షుతో తోమవలెను; తొట్టిలోనే తోమిన తునుకలు చెల్లాచెదరగును. చేతికి తొడుగులు, కంటికి అద్దములు తప్పవు. పూలరెక్కలవంటి కొన్ని జీవులయందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. అట్టి రాళ్లను వేడినీటనుంచిన ఆవిరి పీల్చినవారు ఆసుపత్రి పాలైరట. కావున రాళ్లనెన్నడును ఉడికింపరాదు. పదియవవంతు నీరు వారమునకొకసారి మార్చవలెను. ఆవిరియైపోయినది నీరేగాని ఉప్పు కాదు గనుక, తగ్గినంత మేరకు శుద్ధిచేసిన మంచినీరే పోయవలెను, ఉప్పునీరు కాదు. మన యూరగాయ జాడీలో ఉప్పు లెక్క తెలిసిన ఆడువారికి ఇది చెప్పనక్కరలేదు. మేత సగమునకు తగ్గించి, పాచి తిను నత్తలను, ఒక సర్జన్ చేపను చేర్చినది.

ఆలసించుటయు ప్రమాదమే. కాలెర్పా కొన్నివేళల ఒక్కరాత్రిలో తనలోని సారమంతయు వెడలగ్రక్కి చచ్చును. నీరు పాలవలె తెల్లబడి, ప్రాణవాయువు తగ్గి చేపలు మూర్ఛిల్లును. అందుచే అక్కయ్య నాచును ప్రతి దినము కొంచెము కొంచెముగా వ్రేళ్లతో పెరికివేయుచుండెను. ఆమె రాత్రులందు కూడ లేచి దీపముతో తొట్టి చూచివచ్చుట మేమెరుగుదుము.

మేము బయలుదేరునాటికి రాళ్లలో మూడవవంతు ఇంకను పచ్చగానే యుండెను. రెండు పగడములు తెల్లబడి చచ్చినవి. మూడవదాని కొమ్మల కొనలు మాత్రము ఊదారంగు తిరిగినవి. ఆ వారము పెరికిన నాచును అక్కయ్య సంచిలో మూటగట్టి, ఫ్రిజ్జు పైయరలో రెండు దినములు గడ్డకట్టించి, పిమ్మటనే చెత్తబండికి పంపినది. కాలువలోనికి ఒక్క ఆకైన పోనీయలేదు. బకెట్టులో మిగిలిన నీటిలో కూడ క్లోరిను కలిపి, మరునాడుగాని పారబోయలేదు.