రెండు గ్లాసులు, ఒక పుల్లీ

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసుల్ని ఎలా విడదీయాలో మనకెవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పరు. లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, బయటి గ్లాసును వేణ్ణీళ్ల గిన్నెలో పెడితే కాసేపటికి వాటంతటవే వదులవుతాయి. పెళ్లయినప్పట్నుంచీ చేస్తున్న పనే అయినా అలా ఎందుకవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మొన్న మిర్చి సీజన్లో మా పికప్ బండి పుల్లీ ఇరుక్కుపోయి మా ఇంటిల్లిపాదినీ ఏడిపించినప్పుడే ఆ సంగతి తెలిసింది.

మాది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్. ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చాయంటే ఇక్కడి కల్లాల నుంచి మిర్చి బస్తాలు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వరసగా పోతుంటాయి. మావారికి ఉన్నది ఆ ఒక్క పాత పికప్ బండే. ఆ రెండు నెలల కిరాయిలతోనే బండి వాయిదాలు, ఇంటి ఖర్చులు చాలావరకు గట్టెక్కాలి.

అంతకు ముందు కొన్నాళ్లు మా పెద్దోడు ఆ బండి తీసుకుని భూపాలపల్లిలో కిరాయిలకు తిప్పాడు. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు ఉండడంతో అక్కడ ఎప్పుడూ ఏదో ఒక సామాను రవాణా ఉంటుంది. వయసులో ఉన్న పిల్లాడు కదా, బండికి పెద్ద సౌండు బాక్సు, ముందూ వెనకా రంగు రంగుల లైట్లు పెట్టించాడు. ఇంజను ఆగినా పాటలు ఆగవు. దాంతో బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. అక్కడెవరో డైనమోకు చిన్న పుల్లీ వేస్తే బ్యాటరీ తొందరగా ఎక్కుతుందని చెప్పారట. వీడు వాళ్ల నాయినకు మాటైనా చెప్పకుండా బయట తయారైన పుల్లీ ఒకటి వేయించుకొచ్చాడు.

కుట్టుమిషను ఉన్నవాళ్లకు ఈ కిటుకు తెలిసే ఉంటుంది. కింద పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే పైన చిన్న చక్రం చాలా చుట్లు తిరుగుతుంది. బండిలోనూ అంతే. ఇంజను పుల్లీ అడ్డంగా 15 సెంటీమీటర్లు, డైనమో పుల్లీ 6 సెంటీమీటర్లు అనుకోండి. ఇంజను ఒక్క చుట్టుకు డైనమో రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఆ 6ను 5 చేస్తే మూడు చుట్లు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు డైనమో 7500 బదులు 9000 చుట్లు తిరుగుతుందన్నమాట. నెమ్మదిగా పోయేటప్పుడు బ్యాటరీకి బాగానే ఉంటుంది. కానీ వేగంగా పోతే లోపలి బేరింగులు తొందరగా అరుగుతాయి. చిన్న చక్రం మీద బెల్టుకు పట్టు కూడా తగ్గి జారుతుంది. పొద్దున స్టార్టు చేయగానే బండి కీచుమంటుంటే నేను ఎలుకేమో అనుకున్నాను!

ఫిబ్రవరిలో ఒకరాత్రి మిర్చి లోడుతో పోతుంటే కేసముద్రం దాటాక ఆ బెల్టు కాస్తా తెగింది. మా బండిలో నీళ్ల పంపును తిప్పేదీ ఆ బెల్టే. ఇంజను వేడెక్కకముందే మావారు ఆపారు కాబట్టి సరిపోయింది. బస్తాలు వేరే బండికి ఎక్కించి పంపి, ఆ కిరాయి మేమే పెట్టుకున్నాం.

మర్నాడు ఇంటి ముందు బండి పెట్టుకుని మావారు పుల్లీ ఊడదీయబోయారు. నట్టు వచ్చింది గానీ పుల్లీ కదల్లేదు. సంగతి మొత్తం అప్పుడే బయటపడింది. ఇంకేముంది, ఒక దెబ్బ పుల్లీ మీద, ఒక తిట్టు కొడుకు మీద. "మెల్లగ కొట్టుండ్రి" అని నేనంటూనే ఉన్నాను. ఆ పుల్లీ పోత ఇనుముది. దెబ్బకు వంగదు, పగులుతుంది. అంచు నుంచి చిన్న ముక్క ఎగిరి, లైటు పట్టుకుని నిలబడ్డ మా వాడి కనుబొమ్మ పైన తగిలింది. రక్తం చూసి నా కాళ్లు చేతులు ఆడలేదు. మూడు కుట్లు పడ్డాయి. ఇంకో అంగుళం కిందికి తగిలుంటే కన్నే పోయేది.

ఆ రాత్రి తండ్రీకొడుకులిద్దరూ అన్నం ముందు కూర్చున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కొట్టినాయన బాధ కొట్టినాయనది, దాచినవాడి తప్పు దాచినవాడిది. మధ్యలో నేను చారు గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

మా పుట్టిల్లు జనగామ. మా అన్నయ్య అక్కడ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. పొద్దున్నే ఫోన్ చేస్తే మధ్యాహ్నం రైలుకు దిగాడు. చంకన గోనెసంచి, అందులో పుల్లర్. నడుమ పొడుగాటి మర, చుట్టూ మూడు కొక్కాలుండే పనిముట్టు అది. పుల్లీని చూసి, "బావా, సుత్తెతోని ఎక్కిచ్చినదాన్ని సుత్తెతోనే దించుతమంటే ఎట్ల? దీని బొర్రనే తక్కువ కోసిండ్రు. పట్టకపోయినా కొట్టి కూసోబెట్టిండ్రు" అన్నాడు.

ముందు బ్యాటరీ వైరు తీయించాడు. డైనమోను బండి నుంచి పూర్తిగా విప్పి అరుగు మీద పెట్టాడు. పుల్లీ నడుమ తుప్పు గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి, "ఇగ తెల్లారేదాకా దీని జోలికి పోవద్దు" అన్నాడు. మావారికి అది నచ్చలేదు. ఒకరోజు కిరాయి పోయినట్టే కదా! అయినా మేనల్లుడి నుదుటి మీది కట్టు వంక అన్నయ్య ఒకసారి చూసేసరికి మారు మాట్లాడలేదు.

మర్నాడు నట్టును మళ్లీ ఇరుసు అంచుతో సమానంగా ఉండేట్టు ఎక్కించాడు. పుల్లర్ మర నొక్కినప్పుడు ఇరుసు మీది మరలు చెడకుండా అదో జాగ్రత్త. కొక్కాలు పగిలిన అంచుకు తగిలిస్తే ఇంకా పగులుతుందని, పుల్లీ వెనకాల రెండు ముక్కల పట్టీ బిగించి దానికి తగిలించాడు. పైన తడిపిన గోనెసంచి కప్పాడు, ఏదైనా ఎగిరినా అందులోనే ఆగుతుందని. అందరికీ కళ్లద్దాలు పెట్టించాడు. "బావా, నువ్వు డైనమో పట్టుకో. అరేయ్, పానా నువ్వు తిప్పు" అన్నాడు. ఇక మాట్లాడక తప్పుతుందా? "ఆగు." "ఇంకొంచెం." "ఇట్ల కాదు, అటు తిప్పు." రెండు రోజుల తర్వాత వాళ్లిద్దరి మధ్య నేను విన్న మాటలవే.

మర బిర్రుగా బిగిశాక అన్నయ్య ఆపమన్నాడు. గోనెసంచి తీసి, నూనె మొత్తం తుడిచేసి, స్ప్రే డబ్బా దూరంగా పెట్టించాడు, మంట అంటుకోకుండా. డైనమో మొహానికి తడిగుడ్డ చుట్టి, చిన్న గ్యాసు మంటతో పుల్లీని చుట్టూరా సమంగా వేడిచేశాడు. ఎక్కువసేపు కాదు, లోపల బేరింగు గ్రీజు, రాగి చుట్టలు ఉంటాయి కదా. గోనెసంచి మళ్లీ కప్పి, "ఇప్పుడు పావు చుట్టు తిప్పు" అన్నాడు. టక్కుమని శబ్దమొచ్చింది. నా గుండె జల్లుమంది. సంచి తీసి చూస్తే పుల్లీ నూలుపోగంత ముందుకు జరిగింది. ఇంకో నాలుగు చుట్లకు చేతికొచ్చేసింది.

"అన్నా, ఇది మా స్టీలు గ్లాసుల ఉపాయమే కదా!" అన్నాను. "అదే చెల్లె, వేరే ఏముంది?" అని నవ్వాడు. ఇనుము వేడికి పెరుగుతుంది. మీటరు పొడవున్న కడ్డీని 100 డిగ్రీలు వేడి చేస్తే మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ సాగుతుంది. వేడికి నడుమ బొర్ర మూసుకుపోతుందని నేననుకున్నాను. కాదట, బొర్ర కూడా పెద్దదవుతుంది. 17 మిల్లీమీటర్ల బొర్రకు పెరిగేది మన వెంట్రుకలో సగం మందమైనా ఉండదు. కానీ ఆ సందే చాలు. గ్లాసుల్లోనైతే లోపలిదాన్ని చల్లబరుస్తాం. ఇక్కడ డైనమోలో నీళ్లు పోయలేం కాబట్టి, వేడి ఇరుసుకు పాకేలోపలే లాగెయ్యాలి.

ఇరుసు మీద గీతలు పడ్డాయి గానీ వంగలేదు. సన్న ఎమిరీ కాగితంతో నునుపు చేసి, కొత్త బేరింగులు వేశాడు. బండితో వచ్చిన అసలు పుల్లీని మా వాడు పారేయలేదు, పాతగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. చేత్తో నెడితే సుతారంగా కూర్చుంది. దాని మీద నట్టు బిగించడమే మిగిలింది.

కొత్త బెల్టు వేసి బండి స్టార్టు చేస్తే కీచుమనలేదు. మావారు చేతులు తుడుచుకుంటూ, ఎటో చూస్తూ, "నొప్పి తగ్గిందారా?" అన్నారు. "తగ్గింది నాయినా" అన్నాడు వాడు. సాయంత్రం ఎవరూ అడక్కుండానే సౌండు బాక్సు వాడే విప్పాడు. చిన్న డెక్కు మాత్రం ఉంచుకున్నాడు. ఉంచుకోనీ.

మీ ఇళ్లల్లో మగవాళ్లు ఇలాంటి పనికి సుత్తె తీస్తే కళ్లద్దాలు పెట్టుకొమ్మని చెప్పండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. బిగిసిపోయినదాన్ని కొట్టే ముందు ఒక రాత్రి ఆగమనండి. అంచు పగిలిన ఆ పుల్లీ ఇప్పుడు మా వంటింటి కిటికీలో ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నాను.