గుంటకి కాలు నిలవదు

మా కవిటి వైపు ఆడపిల్ల గురించి 'గుంటకి కాలు నిలవదు' అన్నారంటే అది నడక గురించి కాదు, నడవడిక గురించి. ఇంటిపట్టున ఉండదని, ఊరు తిరుగుతుందని. మా అప్ప కూతురి విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. చదును నేల మీద బాగానే నడుస్తుంది, ఇసుకలో దిగితే పడిపోతుంది. చీకటి పడితే గోడ పట్టుకుంటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు పిల్లకి నాలుగేళ్ళు. రాత్రిళ్ళు మోకాళ్ళ మీద పాకేది. భయపడిందన్నారు అందరూ. అప్ప ఒక్కతే, "భయం కాదు, దీనికి కిందేటో మీదేటో తెలీడం నేదు" అంది.

శాస్త్రం చెప్పేదీ అదే. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో వాటిలోని ద్రవం కదలిక చెబుతుంది. పక్కనే ఉన్న రెండు చిన్న సంచులు ఏది పైనో ఏది కిందో చెబుతాయి. ఇవి సరిగా పనిచేయని పిల్లలు కళ్ళతో, పాదాలతో నెట్టుకొస్తారు. చీకటి కళ్ళని లాక్కుంటుంది, ఇసుక పాదాల్ని లాక్కుంటుంది. పుట్టు చెవుడున్న పిల్లల్లో చాలామందికి ఈ నిలకడ లోపం కూడా ఉంటుందని టొరాంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రిలో షారన్ కుషింగ్, బ్లేక్ పాప్సిన్ వంటివాళ్ళు పరీక్షలు చేసి చూపించారు. మా పిల్లకి మూడో ఏట కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. వినికిడికి ఎన్నో పరీక్షలు జరిగాయి, నిలకడకి ఒక్కటీ లేదు.

సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటుంది. తల కదిలినా పేజీ మీద అక్షరం కదలకుండా నిలిపేది కూడా ఆ చెవే. "పిన్నీ, అక్షరాలు గెంతుతున్నాయి" అనేది పిల్ల. బడిలో దానికి బద్ధకం అని పేరు పెట్టారు.

నిరుడు విశాఖలో ఒక క్లినిక్‌లో వర్చువల్ రియాలిటీ చికిత్స చేయించాం. కళ్ళకి హెడ్‌సెట్ కడతారు. దృశ్యం కదులుతుంది, ఒళ్ళు నిలిచే ఉంటుంది. కన్ను చెప్పేదానికీ చెవి చెప్పేదానికీ పొత్తు కుదరదు. ఆ తగువుని భరించగలిగినంత మోతాదులో పెంచుకుంటూ పోతే మెదడు సర్దుకోవడం నేర్చుకుంటుంది. థెరపిస్టు పక్కనే నిలబడి పట్టుకుంటుంది. సూత్రం కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తలకి దెబ్బలు తగిలిన సైనికుల కోసం ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు ఇలాంటి వ్యాయామాలే తయారుచేశారు. పిల్లలకి విసుగు పుట్టించకపోవడమే ఈ హెడ్‌సెట్ అసలు బలం. మేలు కనబడుతోందనే పరిశోధనలు అంటున్నాయి కానీ, చాలావాటిలో చూసిన పిల్లలు కొద్దిమందే. నేనైతే అద్భుతం అనను.

పైగా ఆ యంత్రానికి మా పిల్ల ఎవరో తెలీదు. పట్టీ సరిగ్గా ఇంప్లాంటు అయస్కాంతం అతుక్కునే చోటే పడుతుంది. ఆడియాలజిస్టుని అడిగి వదులు చేశారు. మెటా కంపెనీ తన హెడ్‌సెట్ వాడే కనీస వయసుని 13 నుంచి 10కి దించింది 2023లోనే. ఇక లోపల కనబడేది సూపర్‌మార్కెట్! పొడవాటి వరసలు, రెండు పక్కలా డబ్బాలు. "పిన్నీ, ఈ కొట్లో సావుకారు లేడేటి?" అంది. జీడితోటలో దారి, వానకి జారే గట్టు, తను నిజంగా పడిపోయే చోట్లు ఏవీ అందులో లేవు.

అయినా ఒకటి చూశాను. హెడ్‌సెట్ పెట్టుకుని పిల్ల తూలింది, నవ్వింది, మళ్ళీ తూలింది. చుట్టూ చూసేవాళ్ళెవరూ తనకి కనబడరు కదా. ఊళ్ళో తూలితే "దీన్నెవడు చేసుకుంటాడు" అని ఎదురుగానే అంటారు. చెవిటిదని ధైర్యం కాబోలు. తూలనాడటం అన్న మాటలో ఈ తూలడం ఎందుకుందో నాకు ఆ గదిలో అర్థమైంది. నిలకడ తప్పుతూ నేర్చుకునే విద్య. మగపిల్లాడు చెట్టెక్కి పడితే ఆడుకుంటున్నాడంటాం, ఆడపిల్లని పడకముందే కూర్చోబెడతాం. చెవి లోపం వల్ల వచ్చిందెంత, కూర్చోబెట్టినందువల్ల వచ్చిందెంత, ఏ పరీక్ష విడదీసి చెబుతుంది?

వారానికి రెండుసార్లు రమ్మన్నారు. సోంపేట స్టేషన్లో తెల్లారగట్ల రైలెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు. జీడిపప్పు పనికి పోని రోజు అప్పకి కూలి లేదు. ఇంట్లో మామగారు డయాలసిస్ మీద ఉన్నారు (ఉద్దానంలో ఇది విడిగా చెప్పక్కర్లేదు). ఆరు వారాలకి మానేశాం. ఇంటిదగ్గర చేయించమని వ్యాయామాల కాగితం ఇచ్చారు. 'ఇంటిదగ్గర' అంటే 'అమ్మ' అని ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఈ లోపానికి అందులో విడిగా చోటు లేదు.

అప్ప మడతపెట్టిన బొంత మీద పిల్లని నిలబెట్టి కళ్ళు మూయిస్తుంది. వెనక చేతులు చాపి ఉంటుంది, ముట్టుకోదు. సాయంత్రం తోట ఇసుకలో మొదట పది అడుగులు, ఇప్పుడు నలభై. అత్తగారు వద్దంటే "పడనీ, నేనున్నాను" అంటుంది.

ఈ మధ్య గొడవంతా సైకిలు గురించి. తమ్ముడికి కొన్నారు, తనూ తొక్కుతానంటోంది. పక్కన చిన్న చక్రాలు వేసి, పగటిపూట, మనిషి తోడుండగా తొక్కనివ్వమంది డాక్టరమ్మ. బావ ఇంకా ఊఁ అనలేదు. అప్ప చక్రాల కోసం మొన్న కంచిలి వెళ్ళొచ్చింది.